కుట్టు ఊడిందా, చర్మం అతకలేదా?

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మూత్రం పోవడానికి పెట్టిన సన్నని గొట్టాన్ని వారం తర్వాత తీసేసి పిల్లాణ్ణి ఇంటికి పంపించారు. రెండు నెలలు గడిచాక ఒకరోజు వాడు ఉచ్చ పోసుకుంటుంటే తల్లి గమనించింది. ధార కొన నుంచే వస్తోంది కానీ, దానికి కాస్త కిందుగా ఇంకోచోట నుంచి కూడా చుక్కలు కారుతున్నాయి. మళ్లీ ఆసుపత్రికి పరుగు. అక్కడ తండ్రి అడిగే మొదటి ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఒకటే: "కుట్టు ఊడిపోయిందా సార్?"

కుట్టిన చోట కారుతోందంటే ఎవరైనా ముందు కుట్టునే అనుమానిస్తారు. కానీ రెండు నెలలు గడిచేసరికి అక్కడ ఊడడానికి కుట్టంటూ పెద్దగా మిగలదు. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వాడే దారం రెండు నెలలు, రెండు నెలల పది రోజుల్లో ఒంట్లోనే పూర్తిగా కరిగిపోతుంది. దాని బలం అంతకు చాలా ముందే, రెండు మూడు వారాల్లోనే సగానికి పడిపోతుంది.

అయితే కుట్టు ఎలా వేసినా ఒకటేనా? అలా అనడానికీ వీల్లేదు. చిన్నపిల్లల శస్త్రవైద్యులు ఈ విషయం మీద కొన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఒకే దారంతో కుట్టుకుంటూ పోవాలా, ఒక్కో కుట్టుకీ విడిగా ముడి వేయాలా? సూది లోపలి పొరను దాటి రావాలా, పొర అడుగునే తిరిగి వెనక్కి రావాలా? ఒక వరస చాలా, రెండు కావాలా? వినడానికి చిన్న సంగతులే. వాదన మాత్రం అంత చిన్నది కాదు.

మధ్యలో ఆగిన కలయిక

సుమారు 250 నుంచి 300 మంది మగబిడ్డల్లో ఒకరికి మూత్రం వచ్చే రంధ్రం అంగం కొన మీద ఉండదు. కింది వైపున, కొనకు కాస్త ఇవతలో, అంగం మధ్యలోనో, ఒక్కోసారి వృషణాల సంచి దగ్గరో ఉంటుంది. దీన్ని హైపోస్పేడియాస్ అంటారు. మొదట చెప్పిన పిల్లాడికి జరిగిన ఆపరేషన్ దీనికే. పదింట ఏడు కేసుల్లో రంధ్రం కొనకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి బాగుచేయడం కొంత తేలిక. తరచుగా దీనితోపాటు ఇంకో రెండు లక్షణాలు కూడా ఉంటాయి. అంగం కిందికి వంగి ఉంటుంది. కొనను చుట్టూ కప్పి ఉండాల్సిన ముందు చర్మం పైభాగంలోనే పోగుపడి, కింద లేకుండా పోతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే గర్భంలో మూడో నెలకు వెళ్లాలి. ఎనిమిది తొమ్మిది వారాల దాకా ఆడ, మగ పిండాల బయటి అంగాలు ఒకేలా కనపడతాయి. ఆ తర్వాత మగపిండపు వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ ప్రభావంతో అంగం పొడుగవుతుంది. దాని కింది వైపున ఒక గాడి ఏర్పడి, గాడికి రెండు వైపులా గట్లు లేస్తాయి. ఆ గట్లు మొదలు దగ్గర కలవడం మొదలుపెట్టి కొన వైపుకు కలుసుకుంటూ పోతాయి. అలా గాడి కాస్తా గొట్టమవుతుంది. నాలుగో నెల నాటికి పని పూర్తవుతుంది. కలిసిన జాడగా ఒక సన్నని గీత మిగులుతుంది. మగవాళ్లకు వృషణాల సంచి మధ్యగా, అంగం కింది వైపుగా జీవితాంతం కనపడే గీత అదే. దారం లేదు, సూది లేదు, ముడి లేదు. బతికున్న రెండు అంచులు పక్కపక్కకు వస్తే అతుక్కుంటాయి, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

ఆ కలయిక మధ్యలో ఆగితే, ఆగిన చోటే రంధ్రం. ఎందుకు ఆగిందో చాలామంది పిల్లల్లో తేల్చి చెప్పలేరు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో, తండ్రికో అన్నకో ఇదే లోపం ఉన్నవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. తల్లి గ్రహణంనాడు కత్తెర పట్టుకున్నందుకు మాత్రం కాదు. ఆ మాట అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే ఇక్కడ రాయాల్సి వచ్చింది. రంధ్రం బాగా వెనక ఉండి, వృషణాలు కూడా సంచిలోకి దిగని పిల్లల్లో మాత్రం హార్మోన్ల పరీక్షలు ముందుగా జరగాలి.

సాధారణంగా ఈ ఆపరేషన్ ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేస్తారు. అప్పటిదాకా ఒక జాగ్రత్త అవసరం. ఈ లోపం ఉన్న బిడ్డకు సున్తీ చేయించకూడదు. హైదరాబాదులో ముస్లిం కుటుంబాలకూ, బిడ్డ పుట్టగానే సున్తీ చేయమంటారా అని ఆసుపత్రిలోనే అడిగే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ ఇది తప్పక తెలిసి ఉండాలి. తీసి పారేసే ఆ చర్మమే కొత్త దారి కట్టడానికి, దాన్ని కప్పడానికి సర్జన్‌కు దొరికే ముడిసరుకు.

కోసేయడం నుంచి కుట్టడం దాకా

తొలి చికిత్స వింటే ఒళ్లు జలదరిస్తుంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో గ్రీకు వైద్యులు హీలియొడోరస్, ఆంటిల్లస్ రంధ్రానికి ముందున్న భాగాన్ని కోసేయమన్నారు. అలా చేస్తే రంధ్రం కొనకు వచ్చినట్టేనన్నది వాళ్ల లెక్క.

కుట్టి గొట్టం చేయాలన్న ఆలోచన 19వ శతాబ్దంలో గట్టిపడింది. ఫ్రెంచి సర్జన్ సిమోన్ డ్యుప్లే 1874లో, అంగం కింది వైపు చర్మాన్ని గొట్టంగా చుట్టి కుట్టే పద్ధతిని వివరించాడు. ఆయన గమనించిన ఒక విషయం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. లోపలి గొట్టం పూర్తిగా మూసుకోకపోయినా పెద్ద నష్టం లేదు, పైన చర్మం సరిగా కప్పి ఉంటే మిగిలిన ఖాళీని శరీరమే పూడ్చుకుంటుంది. 1949లో లండన్ సర్జన్ డెనిస్ బ్రౌన్ ఈ సంగతినే పట్టుకుని, గొట్టం కుట్టకుండా ఒక చర్మపు పట్టీని పక్క చర్మం కింద పాతిపెట్టి వదిలేశాడు. పట్టీ అంచుల నుంచి పైపొర కణాలు పాకి, చుట్టూ తిరిగి, తమంతట తామే గొట్టం కట్టాయి. కాకపోతే ఆ పద్ధతిలో మూత్రం కారే కేసులు ఎక్కువయ్యాయి. అందుకే అది నిలవలేదు.

మధ్యలో 1932లో మాథ్యూ అనే సర్జన్, 1980లో అమెరికాకు చెందిన జాన్ డకెట్ చర్మపు రెక్కలు తిప్పి దారి కట్టే మార్గాలు చూపించారు. ఇప్పటిదాకా వచ్చిన పద్ధతులు మూడు వందలకు పైనేనంటారు. ఒక జబ్బుకు ఇన్ని పద్ధతులున్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోవడం లేదనే అర్థం.

ఈనాడు కొన దగ్గరి లోపానికి ప్రపంచమంతటా ఎక్కువగా చేస్తున్నది సర్జన్ వారెన్ స్నాడ్‌గ్రాస్ 1994లో ప్రచురించిన పద్ధతి. రంధ్రం నుంచి కొన దాకా గాడిగా మిగిలిపోయిన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. దాన్ని చుట్టి గొట్టం చేయాలంటే వెడల్పు చాలదు. ఆయన ఆ పట్టీ మధ్యలో పొడవునా ఒక లోతైన గాటు పెట్టాడు. గాటు విచ్చుకుని పట్టీ వెడల్పయింది. రెండు అంచులనూ సుమారు రెండు మిల్లీమీటర్ల మందం గొట్టం మీదుగా తెచ్చి కలిపి కుట్టాడు. గాటు పడిన చోటును అలాగే వదిలేశాడు. దాని మీదికి కొత్త పొర దానంతటదే పాకింది. డ్యుప్లే చూసింది ఇక్కడా పనిచేసింది.

ఇక ఆ అంచులను ఎలా కలిపి కుట్టాలన్నదే సమస్య.

వరుసకుట్టు, విడికుట్టు

ముందు ఆ పని ఏ కొలతల్లో జరుగుతుందో చూడాలి. వాడే దారం మందం మిల్లీమీటరులో పదిహేనో, ఇరవయ్యో వంతు. సర్జన్లు దీన్ని సెవెన్-జీరో అంటారు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కళ్లకు భూతద్దాల జోడు తగిలించుకుంటే తప్ప ఆ కుట్టు వేయలేరు. సూదికి కన్ను కూడా ఉండదు. దారం దాని తోకలోకే బిగించి తయారవుతుంది.

చీరకు ఫాల్ కుట్టేవాళ్లను చూస్తే ఈ వాదన సగం అర్థమవుతుంది. దారం తెంచకుండా ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టుకుంటూ పోతే పని చకచకా సాగుతుంది, అంచు ఒకే తీరుగా వస్తుంది, ముడులు రెండే. కానీ నడుస్తుంటే కాలివేలు తగిలి ఒక్కచోట తెగిందంటే జానెడు ఫాల్ వేలాడుతుంది. దారం కాస్త ఎక్కువ లాగితే అంచంతా ముడుచుకుంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు అందుకే మధ్యమధ్యలో ముడి వేసుకుంటూ పోతారు. ఇంకో పనితనం కూడా ఉంది. సూది చీర బట్టలో ఒకటి రెండు పోగులను మాత్రమే పట్టాలి. పైవైపుకు దారం కనపడిందంటే ఆ ఫాల్ కుట్టడం రానట్టే.

ఆపరేషన్ బల్ల మీద కూడా ఇవే గుణదోషాలు. ఒకే దారంతో వేసే వరుసకుట్టులో ముడులు తక్కువ. ముడి అంటే ఒంట్లో పరాయి వస్తువు ముద్దగా ఉండే చోటు. అక్కడ వాపు ఎక్కువ, క్రిములకు చోటు ఎక్కువ. వరుసకుట్టు నీరు కారకుండా అంచును సమంగా మూస్తుంది, సమయమూ కలిసొస్తుంది. ఏడాది పిల్లాడికి మత్తులో గడిచే ప్రతి నిమిషమూ లెక్కే. నష్టం కూడా ఫాల్‌లో ఉన్నదే, ఒకచోట పోతే వరుసంతా వదులు. బిగిస్తే గొట్టం పొట్టిదై కుచ్చులు పడవచ్చు.

విడికుట్టు దీనికి వ్యతిరేకం. ఒక్కో కుట్టుకూ విడి ముడి కాబట్టి ఒకటి పోయినా పక్కది నిలుస్తుంది. బిగింపు ఎంత ఉండాలో కుట్టు కుట్టుకూ సర్దుకోవచ్చు. గొట్టం చివర పొడవు ఎక్కువై కొంత కత్తిరించాల్సి వస్తే విడికుట్లే మేలు. వరుసకుట్టును మధ్యలో కత్తిరిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే చాలామంది సర్జన్లు పొడవంతా వరుసకుట్టు వేసి, చివరి రెండు మూడు మాత్రం విడికుట్లు వేస్తారు. ఈ రాజీ ఏ పరిశోధనా నేర్పలేదు, చేతి అనుభవం నేర్పింది.

ఈ రెండు రకాల తేడా మన దేశంలో కొత్తగా తెలిసినదేమీ కాదు. సుశ్రుత సంహిత నాలుగు రకాల కుట్లను చెబుతుంది. వాటిలో వేల్లితకం చుట్టుకుంటూ పోయేది, ఋజుగ్రంథి విడిముడులది. నార, వెంట్రుక, స్నాయువు లాంటివి దారంగా వాడమని చెప్పింది. అలాగని సుశ్రుతుడు హైపోస్పేడియాస్ కుట్టాడని రాసేవాళ్లను నమ్మనక్కర్లేదు.

ఫాల్ ఉదాహరణ ఇక్కడితో ఆగిపోవాలి. బట్టకు ప్రాణం లేదు. దాన్ని ఎప్పటికీ పట్టి ఉంచాల్సింది దారమే. చర్మం సంగతి వేరు. అంచులు కలిపిన ఒకటి రెండు రోజుల్లోనే పైపొర కణాలు ఇటు నుంచి అటు పాకి చీలికను మూసేస్తాయి. ఆ కింద రెండు మూడు వారాల్లో కొత్త కణజాలం సొంత పట్టు తెచ్చుకుంటుంది. దారం పని ఆ రోజుల్లో అంచులను దగ్గరగా ఉంచడమే. ఆ పని చేస్తూ అంచులకు హాని చేయకూడదు. బిగించి లాగిన కుట్టు తన చుట్టులోని సన్నని రక్తనాళాలను నొక్కేస్తుంది. నెత్తురు అందని అంచు అతకదు, చచ్చి రాలిపోతుంది. ఊడేది కుట్టు కాదు, కుట్టు పట్టుకున్న మాంసం. గట్టిగా కుట్టడమే మంచి కుట్టనుకుంటాం. ఈ ఆపరేషన్‌లో మంచి కుట్టు అంచులను తాకించి ఆగుతుంది.

దారం పొర దాటితే

వరుసా విడా అన్న వాదన కంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. సూది లోపలి పైపొరను దాటిందా లేదా?

మూత్రం పారే గొట్టం లోపలి గోడకు ఒక పైపొర ఉంటుంది. సూది ఆ పొరను గుచ్చుకుని లోపలి నుంచి బయటికి వస్తే, దారం ఒక చివర మూత్రంలో, ఇంకో చివర గోడ బయట ఉన్నట్టు. పైపొర కణాలకు ఒక స్వభావం ఉంది. ఖాళీ దొరికితే దాని వెంట పాకడం. దారం చేసిన కన్నం వెంట కూడా పాకుతాయి. దారం కరిగిపోయాక అక్కడ నలువైపులా పొర కట్టిన సన్నని సొరంగం మిగులుతుంది. పొర కట్టిన సొరంగం ఇక పూడుకోదు. దాని గుండా మూత్రం బయటికి కారుతుంది. వైద్యులు ఫిస్టులా అనేది దీన్నే. మనం దొంగదారి అనుకోవచ్చు.

పైపొరను గుచ్చకుండా, దాని అడుగున ఉన్న కణజాలాన్ని మాత్రమే పట్టి కుట్టడాన్ని లోకుట్టు అందాం. ఇందులో రెండు అంచుల పైపొరలూ గొట్టం లోపలి వైపుకు మడుచుకుంటాయి, బయటి వైపున పచ్చి మాంసం పచ్చి మాంసానికి ఆనుతుంది. పచ్చిది పచ్చిదానికే అతుకుతుంది. మధ్యలో పైపొర దూరిందంటే ఆ చోట అతుకు ఉండదు. లోకుట్టు వేయడం కష్టం. మిల్లీమీటరు మందం కూడా లేని గోడలో సూదిని సగం లోతులోనే తిప్పి వెనక్కి తేవాలి. అదంతా చేతివాటం మీద ఆధారపడిన పని.

దారం రకం కూడా ఇక్కడే వస్తుంది. ఒకప్పుడు గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసిన క్యాట్‌గట్ వాడేవారు. దాన్ని శరీరం వాపు తెచ్చుకుని అరిగించుకుంటుంది. ఆ వాపు అతుకుకు మంచిది కాదు. 1970లలో వచ్చిన పాలిగ్లాక్టిన్ లాంటి కృత్రిమ దారాలు ఒంట్లోని నీటి వల్లే విచ్ఛిన్నమై కరుగుతాయి, కాబట్టి వాపు తక్కువ. ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చిన పాలిడయాక్సనోన్ ఒంటిపోగు దారం. నునుపుగా జారుతుంది, కానీ పూర్తిగా కరగడానికి ఆరు నెలలు పడుతుంది. మూత్రపు దారి పక్కన అంతకాలం పరాయి వస్తువు ఉండడం కొందరికి ఇష్టం లేదు. ఇంకొందరికి ఆ నునుపే ముఖ్యం. పొర దాటని లోకుట్టులో దాన్ని నిర్భయంగా వాడతారు.

ఏది మేలో తేల్చడం ఎందుకింత కష్టం

1997లో టర్కీ వైద్యులు ఒక పోలిక ప్రచురించారు. పొర దాటే కుట్టుతో పోలిస్తే లోకుట్టు వేసిన పిల్లల్లో దొంగదారులు తక్కువని వాళ్లకు తేలింది. వాదన ముగిసినట్టే కదా? కాదు. ఇలాంటి పోలికల్లో కుట్టుతోపాటు దారం కూడా మారితే లెక్క తేలదు. మేలు చేసింది కుట్టా, దారమా?

స్నాడ్‌గ్రాస్ అనుభవమూ ఇలాంటిదే. రంధ్రం బాగా వెనక ఉన్న కేసుల్లో ఆయన మొదట్లో క్యాట్‌గట్‌తో ఒకే వరస వరుసకుట్టు వేసేవాడు. తర్వాత పాలిగ్లాక్టిన్‌తో రెండు వరసల లోకుట్టుకు మారాడు. దొంగదారులు బాగా తగ్గాయి. కానీ దారం మారింది, వరసలు మారాయి, లోతు మారింది, పైన కప్పే పొర విషయంలోనూ మార్పులు వచ్చాయి. వీటన్నిటికీ తోడు ఆ మధ్యలో సర్జన్ చెయ్యి ఇంకా కొన్నేళ్లు పదునెక్కింది. ఈ చివరిదాన్ని ఏ పట్టికలోనూ చూపించలేరు.

ఒక్కటే మార్చి మిగిలినవన్నీ అలాగే ఉంచి పోలిస్తే సరి అనిపిస్తుంది. అందుకు ఎంతమంది పిల్లలు కావాలో లెక్కేస్తే దిగులు పుడుతుంది. ఒక కుట్టుతో నూటికి పది మందికి, ఇంకో కుట్టుతో నూటికి అయిదుగురికి దొంగదారి పడుతుందనుకుందాం. అంటే సగానికి సగం మేలు. ఆ తేడా కాకతాళీయం కాదని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో గుంపులో దాదాపు 430 మంది పిల్లలుండాలి, రెండూ కలిపితే 860. ఒక పెద్ద ఆసుపత్రికి కూడా ఇది ఏళ్ల తరబడి సాగే పని. నలభై, యాభై మందితో చేసిన పోలికలో "తేడా కనపడలేదు" అని వస్తే, తేడా లేదని కాదు, ఆ చిన్న గుంపులో తేడా ఉన్నా కనపడదని అర్థం. పత్రికల్లో ఈ రెండు మాటలూ ఒకటే అన్నట్టు రాస్తుంటారు.

వరుసకుట్టుకూ విడికుట్టుకూ మధ్య జరిగిన పోలికలు కొన్ని అటు, కొన్ని ఇటు మొగ్గాయి. చాలావాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండింటిలో దేన్నైనా నిక్షేపంగా వాడవచ్చనే నా అభిప్రాయం. సర్జన్‌కు ఏది బాగా అలవాటో అదే ఆ పిల్లాడికి మంచిది. లోకుట్టు వైపు మాత్రం తర్కం కూడా బలంగా ఉంది.

కుట్టుకు పైన, కుట్టుకు ముందు

సర్జన్లలో దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి కుట్టుకు సంబంధించింది కాదు. కుట్టిన గొట్టం మీద నెత్తురు బాగా పారే పల్చని కణజాలపు పొరను తెచ్చి కప్పాలి. ముందు చర్మం అడుగున ఉండే డార్టస్ పొరను రక్తనాళాలతో సహా తిప్పి తెచ్చి పరుస్తారు. వెనక రంధ్రం ఉన్న కేసుల్లో వృషణం చుట్టూ ఉండే పొరను వాడతారు. లోపలి కుట్టు వరస, పైన చర్మం కుట్టు వరస ఒకదాని మీద ఒకటి పడకుండా ఈ పొర అడ్డుగా ఉంటుంది. లోపల ఒకచోట చిన్న లోపం వచ్చినా అది బయటిదాకా రాకముందే పూడుకుపోతుంది.

రెండోది కొత్త దారి చివర. కొన దగ్గర రంధ్రం ఇరుకైతే మూత్రం తోసుకొచ్చేటప్పుడు వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి, సరిగ్గా కుట్టిన చోట కూడా దారి పడుతుంది. అందుకే దొంగదారితో వచ్చిన పిల్లాడిలో అనుభవమున్న సర్జన్ ముందు కొనలోంచి సన్నని గొట్టం పంపి ఇరుకు ఉందేమో చూస్తాడు. ఇరుకును సరిచేయకుండా కన్నాన్ని మూస్తే అది మళ్లీ తెరుచుకుంటుంది. మూసే ఆపరేషన్‌కు కూడా కనీసం ఆరు నెలలు ఆగుతారు, మచ్చ మెత్తబడి, అంచులకు నెత్తురు మళ్లీ బాగా అందేదాకా. తల్లిదండ్రులకు ఆ ఆరు నెలలు చాలా పొడుగు. తొందరపెట్టి మరుసటి నెలలోనే చేయిస్తే రెండో అతుకు మొదటిదాని కంటే బలహీనంగా ఉంటుంది.

కుట్టు పోలికల్లో ఎక్కువ భాగం పిల్లల్ని ఏడాది, రెండేళ్లు మాత్రమే గమనిస్తాయి. దొంగదారుల్లో చాలావరకు ఆలోపే బయటపడతాయి కాబట్టి ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది. కానీ ఏడాది వయసులో రెండు మిల్లీమీటర్ల గొట్టం మీద కట్టిన దారి యుక్తవయసులో అంగంతోపాటు పెరగాలి, సాగాలి, వంపు తిరిగి రాకూడదు. అప్పుడు వచ్చే ఇరుకులు, వంపులు ఆ పోలికల్లోకి రావు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కాగితాలను పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చేదాకా దాచి ఉంచమని సర్జన్లు చెప్పేది ఇందుకే. వాటిలో ఏ పద్ధతి, ఏ దారం, ఎన్ని వరసలు అన్నది రాసి ఉంటుంది. మళ్లీ ఎప్పుడైనా తెరవాల్సి వస్తే, రెండో సర్జన్ మొదట అడిగేది ఆ కాగితమే.